ఓడినవాళ్లే ఆకు కత్తిరించాలి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బోధన్ హాస్టల్ నుంచి వచ్చిన నీ కూతురు నా పక్కనే బీడీల చాట పెట్టుకుంది.

"చిన్నమ్మా, అమ్మ ఆట ఆడుదమా? ఆఖర్ల ఏ, టీ అక్షరాలు వచ్చే ఇంగ్లీషు మాటలు చెప్పాలె. క్యాట్ అంటే పిల్లి," అంది.

"ర్యాట్ అంటే ఎలుక," అన్నాను.

బీడీలు చుడుతూనే మ్యాట్ చాప, హ్యాట్ టోపీ, బ్యాట్ గబ్బిలం దాకా వెళ్లాం. తర్వాత నాకు మాట దొరకలేదు. ఓడినవాళ్లు ఇద్దరి తునికాకూ కత్తిరించాలన్నది నీ రూలే కదా, కత్తెర తీశాను.

"ఫ్యాట్ అంటే లావు. నీ తరఫున నేనే చెప్పిన, కూసో," అంది.

నేను ఎన్నిసార్లు ఓడినా నువ్వు ఏనాడూ ఒక్క మాట అందించలేదు. దాని సాయానికి నాకు చిర్రెత్తింది.

"మీ అమ్మ ఆటల జాలి ఉండదు బిడ్డా," అని ఆకంతా నేనే కత్తిరించాను.