కెమెరా పెట్టెకు లైఫ్ జాకెట్

కళింగపట్నం,
12-2-2016.

తమ్ముడు బెన్హర్‌కి,

ప్రభువు కాపుదలలో ఉన్నావని తలుస్తూ అక్క రాసేది.

ఉప్పునీటికి పాడవని కొత్త కెమెరా కొన్నావని, ఆదివారం పాస్టరుగారిచేత దానికి ప్రార్థన చేయించమని, మళ్లీ బావనూ పడవనూ పంపమని రాశావు. గొప్ప సంగతే. ఎర బదులు ఈకలు కట్టిన గాలంతో సరదాకి చేపను పట్టి, దానితో ఫోటో దిగి, తిరిగి నీళ్లలో వదిలేసే, నీ వెంట వచ్చే దొరబాబులకు అంతకన్నా తక్కువ కెమెరా ఎలా సరిపోతుంది?

మొన్న వాళ్లతో వచ్చినప్పుడు, ఫోటోలో కెరటం మీద ఎండ మెరవాలని పడవను అడ్డంగా తిప్పించావు. మీ బావ కోసం ఉంచిన లైఫ్ జాకెట్‌ను కెమెరా పెట్టెకు చుట్టావు. కెరటం కొట్టి ఆయన నీళ్లలో పడ్డారు.

“ఏటిరా బెన్హరూ, నాను మునిగితే ఫోటో బాగొస్తాదా?” అని అరిస్తే, “బావా, కదలకు, మొకం ఇలాగ తిప్పు” అన్నావట. వాచిన భుజంతో మంచం మీద పడుకుని, ఆ మాటే చెప్పి నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు.

పాస్టరుగారిని నేను అడగను. ఆ పెట్టెకు నీ భక్తి చాలు. పడవ కావాలంటే తీసుకెళ్లు, తెడ్డు నువ్వే వెయ్యి. మీ బావ ఇక నీతో రారు. నీళ్లలో పడితే పైకి లాగుతారో, ఫోటో తీస్తారో ముందే నీ దొరబాబులను అడిగి తెలుసుకో.

ప్రభువు నీకు చూపునిచ్చుగాక.

అక్క