తుప్పు కాదు, కుంకుమ

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చింతలలంక ఆసుపత్రిలో తుప్పు పట్టినదని మూలన పెట్టించిన స్టీలు చట్రమును తిరిగి వాడుకొనుటకు అనుమతి కోరుట గురించి.

నేను సదరు ఆసుపత్రిలో ఆపరేషన్ సామాను కడిగి, ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టించే పని చేస్తున్నాను. పదో తరగతి చదివాను. రాతలో తప్పులుంటే మన్నించగలరు.

1. సదరు చట్రము పొట్ట ఆపరేషన్లలో కోత అంచులను విడదీసి పట్టుకొని ఉంచును. కంపెనీవి ఒకసారి వాడి పారేసేవి, అవి మా వరకు రావు. అందుచేత మా డాక్టరు దివ్య గారు బొమ్మ గీసి ఇవ్వగా, కొత్తపేటలో లేతు షెడ్డు నడిపిన నా భర్త సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు దీనిని చేసినారు. మొదట చేసిన మూడు పనికిరాలేదు. నాలుగోది మరమేకు అన్నది లేకుండా, మూడు ముక్కలుగా ఊడి వచ్చేలా చేసి నా చేతిలో పెట్టారు. "మురికి దాక్కోడానికి చోటు లేకుండా చేసేనే. ఇంక నీదే పూచీ" అన్నారు. తమ ఆఫీసు అనుమతి కాగితం జతపరిచాను. రెండేళ్లుగా ప్రతిసారీ విడదీసే కడిగాను.

2. ఆయన మొన్న శ్రావణమాసంలో కాలం చేసినారు.

3. దసరాకు జనరేటరుకు, అంబులెన్సుకు అందరూ బొట్లు పెట్టారు. నేను చట్రమునకు పెట్టితిని. సామానుకు పెట్టరాదని నాకు తెలుసు. మర్నాడు కడిగేద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున్నే తనిఖీవారు వచ్చినారు. సందుల్లో ఎర్రగా ఉన్నది చూసి, విడదీయకుండానే తుప్పు అని రాసినారు. డాక్టరు గారు నా వైపు తిరిగి, "మొన్నటిదాకా మెరుస్తూనే ఉంది కదండీ, బంగారమ్మగారూ?" అన్నారు. "ఆయ్" అన్నాను. బొట్టు సంగతి చెప్పలేదు.

4. చట్రము లేనిచో అంచులు పట్టుకొనుటకు మరో మనిషి కావాలి. మాకున్నది ఒక్క నర్సు. ఈ రెండు వారాల్లో ఆపరేషన్ కావలసిన ఐదుగురు కాన్పు ఆడవాళ్లను ఏరు దాటించి పంపేశాము. ఐదో ఆమె లక్ష్మీప్రసన్న రేవుకు వెళ్లేసరికి ఏరు దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. బిడ్డ దక్కలేదు. ఆమెది మా వీధే. నిన్న కనబడి, భోజనం అయిందా అని నన్ను అడిగింది.

5. కావున తప్పు చట్రముది కాదు, నాది. నన్ను పనిలోనుంచి తీసివేసినా అభ్యంతరము లేదు. చట్రమును ఒక్కసారి విడదీసి చూడవలెనని ప్రార్థన.

దేవుడి సాక్షిగా రాసిన ఈ సంగతులు తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బంగారమ్మ

తా.క.: ఎందుకు పెట్టావని తమరు అడుగుతారు. ఆయన పోయాక భరిణెలో కుంకుమ మిగిలిపోయిందండి. నాకు పెట్టుకునే పని లేదు. ఆయన చేసినదానికి పెట్టాను. చట్రం ఇప్పిస్తే నేనే కడుగుతాను. సబ్బునీళ్లకు పోతుందండి.