మూడో వరుసలోంచి కనపడని అక్షరాలు

అత్తయ్యా, వందనాలు.

మీరు వెళ్ళిపోయి పదిహేడు ఆదివారాలు అయింది. నెలల్లో చెప్పొచ్చు గానీ మీ లెక్క ఎప్పుడూ ఆదివారాలే కదా... అందుకే అలా రాస్తున్నాను.

మీ అమ్మాయి సునీత బాగానే ఉంది. మీ గదిలో దుప్పటి మాత్రం ఇంకా మార్చనివ్వడం లేదు. మీ మనవరాలికి డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది. మీరుంటే కార్ తాళాలు దాచేసేవారు. కానీ ఈ కబుర్ల కోసం రాయడం లేదు. నాకు కోపంగా ఉంది. రెండు వారాలుగా తిండి సయించనంత కోపం. ఎవరి మీద అంటే... ముందు జరిగింది చెబుతాను, మీరే తేల్చండి.

చర్చిలో పాటల లాప్‌టాప్ చూసుకునే ఆయన ఇండియా వెళ్ళాడు. రెండు వారాల కిందటి ఆదివారానికి నన్ను కూర్చోమని కమిటీ డేవిడ్‌గారు అడిగారు. షాంటిలీలో మనం అద్దెకు తీసుకునే ఆ హాలే. వెనక మూల బల్ల మీద లాప్‌టాప్, ముందు గోడకి ప్రొజెక్టర్ తెర. ఆరాధనకి గంట ముందే వెళ్ళి పాటలు ఎక్కించాను. లాప్‌టాప్‌లో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తెర వైపు కూడా ఒకసారి చూశాను. తెలిసిన పాట కాబట్టి చదివేశాననుకున్నాను.

కేబుల్ సరిచేయడానికి ముందుకి వెళ్ళి, తిరిగి వస్తూ మీ కుర్చీలో కూర్చున్నాను. మూడో వరుసలో, గోడ పక్కన. ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు. తల ఎత్తి చూస్తే ఒక్క ఒత్తు తెలియలేదు.

"అక్షరాలు అలుక్కుపోయి ఉండాయి బాబూ. పలకని తడిగుడ్డతో తుడిచినట్టు ఉండాది." రెండేళ్ళు చెప్పారు మీరీ మాట. అచ్చం అలాగే ఉంది అత్తయ్యా. ప్రతి అక్షరం చుట్టూ ఎరుపూ నీలమూ కలిసిన మసక. కింద ఒత్తులన్నీ ఒకటే ముద్ద.

అదేమిటో ఇప్పుడైనా మీకు చెప్పాలి. తెర మీద అక్షరమంటే చిన్న చిన్న చుక్కల వరస. అంచులు మెట్లు మెట్లుగా కనపడకుండా కంప్యూటర్ వాటి పక్కన లేత రంగులు పూసి నున్నగా చేస్తుంది. దాన్ని ఫాంట్ స్మూతింగ్ అంటారు. ఏ తెరకి ఆ తెర దగ్గరే అది సరిచూసుకోవాలి. లాప్‌టాప్‌కి కుదిరిన పూత ప్రొజెక్టర్‌కి కుదరదు. పైగా మనం పంపే బొమ్మ కొలతా ప్రొజెక్టర్ అసలు కొలతా ఒకటి కాకపోతే, ఆ పూతనంతా సాగదీసి గోడకి పులిమేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఎలాగో తట్టుకుంటాయి. గుడులూ కొమ్ములూ ఒత్తులూ ఉన్న మన అక్షరాల వల్ల కాదు.

బాగుచేయడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? పది నిమిషాలు. ప్రొజెక్టర్ అసలు కొలత ఎంతో చూసి అదే పెట్టాను. అక్షరాలు సరిచూసే చిన్న ప్రోగ్రామ్ కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాన్ని ఈసారి గోడ మీది తెర కోసం నడిపాను. వైరు లేని మౌస్ పట్టుకుని మీ కుర్చీలోంచే. అది ఏం చేస్తుందో తెలుసా? ఒకే వాక్యాన్ని నాలుగైదు రకాలుగా చూపించి, వీటిలో మీకు ఏది బాగా కనపడుతోంది అని అడుగుతుంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. రెండేళ్ళలో ఆ ముక్క మిమ్మల్ని మేమెవరమూ అడగలేదు.

ఇంతకీ ఆ లాప్‌టాప్‌ని సెటప్ చేసింది ఎవరు? నేనే. చర్చిలో పాటల పుస్తకాలు తీసేసి తెర పెట్టిన కొత్తల్లో, ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, నా కళ్ళ ముందున్న తెరకి సరిచూసుకుని, భేషుగ్గా ఉందని డేవిడ్‌గారికి ఇచ్చేశాను. మీరు ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

నా ఉద్యోగం ఏమిటి అత్తయ్యా? పదహారేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వాడేవాళ్ళు ఏదైనా పనిచేయడం లేదంటే, వాళ్ళ మెషీన్ ముందు కూర్చుని వాళ్ళ కళ్ళతో చూడటం. నా మెషీన్‌లో బాగానే ఉందండీ అని ఎవడైనా అంటే మీటింగ్‌లో నలుగురి ముందూ కడిగేస్తాను. మీకు మాత్రం సరిగ్గా ఆ మాటే చెప్పాను. నా లాప్‌టాప్‌లో బాగానే ఉంది అత్తయ్యా, మీ కళ్ళే ఒకసారి చూపిద్దాం అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అని డేవిడ్‌గారు నవ్వితే నేనూ నవ్వాను. మీరు అక్కడే ఉన్నారు.

మద్దెల నిజంగానే ఓడు. ఓడు చేసింది నేను.

కళ్ళ డాక్టర్ గది గుర్తుందా? పక్కన కూర్చుని ఆయన ఇంగ్లిష్ మీకు తెలుగులో చెప్పింది నేనే. మీ వయసుకి ఈ కళ్ళు చాలా బాగున్నాయి, పవర్ ఏదో కాస్త మారింది, కావాలంటే కొత్త అద్దాలు రాస్తాను అన్నాడాయన. నేనేం చెప్పాను? పవర్ మారిందట, కొత్త కళ్ళజోడు వస్తే అంతా సర్దుకుంటుందట అన్నాను. మొదటి ముక్క మింగేశాను. అబద్ధమాడాలని కాదు... నాకు కావలసిన ముక్కే నాకు వినపడింది.

ఆ కళ్ళజోడు పెట్టుకుని చర్చికి వచ్చిన మొదటి ఆదివారం, ఎలా ఉంది అని అడిగాను. "బాగానే ఉండాది బాబూ" అన్నారు. పాట మాత్రం పాడలేదు. ఆ సాయంత్రమే కిటికీ పక్కన కూర్చుని, పాత కళ్ళజోడుతోనే మీ పాత బైబిల్ గడగడా చదువుకున్నారు. చీమల బారులా ఉంటాయి దాంట్లో అక్షరాలు. నేను చూశాను. చూసి, కాఫీ తాగి, లేచి వెళ్ళిపోయాను.

పాత కీర్తనలు మీకు కంఠతా వచ్చు. కొత్త పాటలు వచ్చినప్పుడల్లా పెదవి కదపకుండా నిలబడేవారు. అది చూసి డేవిడ్‌గారు నాకు ఫోన్ చేశారు. పెద్దావిడకి చూపు తగ్గినట్టుంది, నెలకోసారి ముందుకొచ్చి బైబిల్ వాక్యం చదవడం ఇంక కష్టమేమో, ఎవరైనా పిల్లలకి ఇద్దాం అన్నారు. నేను సరేనన్నాను. థాంక్స్ కూడా చెప్పాను! కావలి బడిలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు అది. ఆ నెలకొక్క ఆదివారం కోసం శుక్రవారమే చీర ఇస్త్రీ చేసి పెట్టుకునేవారు. ఆ ఒక్క పనీ మీ చేతిలోంచి లాక్కుని, మీకేదో మేలు చేశాననుకున్నాను.

మీ గుండె ఆగిపోవడానికి ఎవరూ చేయగలిగింది లేదన్నారు ఆస్పత్రిలో. ఒప్పుకున్నాను. ఇది అలాంటిది కాదు. దీనికి పది నిమిషాలు చాలు.

మీ మీద కూడా కోపమే అత్తయ్యా. ఎందుకు ఊరుకున్నారు? మీ పిల్లల్ని మొద్దులన్నాడని స్కూల్ ఇన్‌స్పెక్టర్‌ని నిలదీసిన కథ మాకు ఎన్నిసార్లు చెప్పారు! "పిల్లకాయ చదవలేకపోతే ముందు బోర్డు తుడిచి చూడాల. ఆ తర్వాతే పిల్లకాయని అడగాల." ఆయన మొహం మీదే అన్నారట కదా... నా మొహం మీద ఎందుకు అనలేదు? అల్లుణ్ణి అనా? కంప్యూటర్ చదువు చదివినవాడు, వాడికి తెలియదా అనుకున్నారా? లేక వాళ్ళింట్లో ఉంటున్నాం, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నారా?

ఆ చివరిదే నిజమైతే... నాకు చెప్పకండి.

తెర బాగుపడ్డాక ఆరాధన మొదలైంది. మొదట పాడింది ఒక కొత్త పాట. రెండో చరణానికల్లా ముందు వరుసల్లోంచి కమలమ్మగారి గొంతు వినపడింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. ఇన్నాళ్ళూ వాళ్ళంతా ఉత్తినే పెదాలు ఆడించారన్నమాట. నోరు తెరిచి చెప్పింది మీరొక్కరే, చూపు తగ్గిందన్నదీ మిమ్మల్నే.

అయిపోయాక డేవిడ్‌గారు వచ్చి భుజం తట్టారు. సూపర్ బ్రదర్, కొత్త ప్రొజెక్టర్ కొన్నట్టుంది, వచ్చే వారం మైక్‌లో థాంక్స్ చెబుతాం అన్నారు. నేను అరిచాను అత్తయ్యా. కాఫీ కప్పులు పట్టుకుని అందరూ నిలబడి ఉండగా, మా అత్తయ్య కళ్ళు బాగానే ఉన్నాయండీ, పాడైంది మన తెర, పాడు చేసింది నేను అని అరిచాను. ఆయన బిత్తరపోయారు. ఇప్పుడెందుకు బ్రదర్ అదంతా, ఆవిడ ప్రభువు దగ్గర హాయిగా ఉన్నారు కదా అన్నారు. ఉన్నారేమో. ఇక్కడున్న ఆఖరి రెండేళ్ళూ హాయిగా లేరు కదా? దానికి ఎవరు జవాబు చెప్పాలి?

సునీత నా చెయ్యి పట్టుకుని కార్ దాకా లాక్కెళ్ళింది. గరాజ్‌లో కార్ ఆగాక ఒక్కటే అంది... అమ్మ నాకూ చెప్పింది, నేనూ నీ మాటే నమ్మాను అని. దిగి లోపలికి వెళ్ళిపోయింది. నేను స్టీరింగ్ పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

మర్నాడు డేవిడ్‌గారికి నేనే ఫోన్ చేశాను. సారీ చెప్పడానికి కాదు. నాకు థాంక్స్ వద్దు, మా అత్తయ్య వాక్యం చదివే వంతు ఒక్కసారి నాకివ్వండి, చదివే ముందు రెండు మాటలు చెప్పనివ్వండి అన్నాను. ఆయన, ఆ రోజు నవ్వింది నేనూ కదా, నేనూ మీ పక్కన నిలబడతాను అన్నారు. ఆయన మీద కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

ఎల్లుండే ఆ ఆదివారం. ఇవాళ మధ్యాహ్నం మీ బైబిల్ తీసి, మీరు కూర్చునే కిటికీ పక్కనే కూర్చున్నాను, తడబడకుండా చదవడం అలవాటు చేసుకుందామని. బయట మంచి ఎండ. ఒక్క వాక్యం కూడా చదవలేకపోయాను. దగ్గరగా పెట్టుకున్నాను, చేతులు చాచి దూరంగా పెట్టాను, దీపం వేశాను. పాత పుస్తకం కదా, అచ్చు వెలిసిపోయిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను అత్తయ్యా! పుస్తకం పాడైపోయిందని సునీతకి కేకేసి కూడా చెప్పాను. తను వచ్చి, చేతిలోకి తీసుకుని, ఆ పేజీ మొత్తం గడగడా చదివేసింది. చదివి, నా వైపు చూసింది.

అదే డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. వచ్చే గురువారానికి గానీ దొరకలేదు.

అందాకా మీ డ్రాయర్‌లోంచి ఆ కళ్ళజోడు తీసి పెట్టుకుని చూశాను. అదే, మీకు అక్కర్లేకపోయినా నేను పట్టుబట్టి చేయించినది. ఆడవాళ్ళ ఫ్రేమ్, గులాబీ రంగు. అక్షరాలన్నీ కుదురుగా నిలబడ్డాయి.

ఆదివారం అదే పెట్టుకుని, మీరు నిలబడే చోట నిలబడతాను. మీ కళ్ళకి ఏ లోపమూ లేదని ముందు చెప్పి, తర్వాతే వాక్యం చదువుతాను. నవ్వేవాళ్ళని నవ్వనీ.

మీ అల్లుడు,
సుధాకర్