ఎవరి చెక్క వాళ్లే తీయాలి

ఆదివారం, మిర్యాలగూడ

పొద్దున్నుంచీ మబ్బే. మా ఊరి రైలు మ్యూజియంలోని పాత కరెంటు రైలుపెట్టెకు నిన్న వేసిన రంగు ఇంకా ఆరలేదు. వాన పడేలోగా షెడ్డులోకి చేర్చాలి. రైల్వేలో రిటైరైన ముగ్గురం, ఊరివాళ్లు ఎనిమిది మంది కలిసి నెట్టాం. కదల్లేదు.

"చక్రం కింద చెక్క తీసినవా, సత్తెన్నా?" అని అరిచాను.

"నాది నేను తీసిన. యాదగిరి గూడ తీసిండు. మరి నీది?"

ముగ్గురికీ ఉద్యోగం నాటి అలవాటు పోలేదు. పెట్టె దొర్లకుండా ఎవరి చెక్క వాళ్లే పెట్టాలి, వాళ్లే తీయాలి. నాది నేను తీయలేదు.

"గింతసేపు నీ చెక్కనే నెట్టినమా, నర్సన్నా!"

తీయగానే పెట్టె కదిలింది. షెడ్డులోకి చేరేలోగా రంగు మీద నాలుగు చినుకుల మచ్చలు పడ్డాయి. నాకు మతిమరుపు మొదలైందేమో.

సత్తెన్న ఐదింటికి తన చెక్క పెట్టి వెళ్లాడు. యాదగిరి ఐదున్నరకు తనది పెట్టి వెళ్లాడు. ఆరింటికి నాది పెట్టి నేనూ వచ్చేశాను.