గౌరి బరువు

డాక్టరు గారికి నమస్కారాలు.

కిందటేడు మా గాడిద గౌరికి కడుపులో పురుగులు పోయే నట్టల మందు ఇచ్చేటప్పుడు, టేపుతో ఛాతీ చుట్టూ, ఒంటి పొడుగునా కొలిచి బరువు అంచనా వేయడం నాకు నేర్పారు. మొన్న వరదలో అది పనికొచ్చిందండి.

ఏటి మధ్య మా లంకలోకి నీళ్లెక్కుతుంటే మేమంతా నావెక్కాం, నావ నడిపే సత్తియ్య గారు మాత్రం గౌరిని ఎక్కించనన్నారు.

"బరువెంతో తెలీకుండా ఎలాగండీ? నావ తిరగబడిపోద్ది."

కుట్టుమిషను టేపుతో కొలిచి, మీ లెక్క ప్రకారం నూట పదహారు కేజీలని చెప్పాను.

"ఇద్దరు మనుషులంతే కదండీ! ఆయ్, ఇద్దరు దిగితే ఎక్కించేస్తాను."

నేను దిగాను. గౌరిని పట్టుకోవడానికి మా ఆయన ఉండాలి. మిగతావాళ్లు చంటిపిల్లల తల్లులు. ఈ గాడిద మనకెందుకని ఇన్నేళ్లూ సణిగిన మా అత్తగారు చీర కుచ్చిళ్లెత్తి తనే దిగిపోయారు.

"నేను బక్కదాన్ని సత్తియ్యా, చాలనేమో. మా బియ్యం మూట కూడా దించెయ్యి."

నావ మళ్లీ వచ్చేదాకా మేమిద్దరం గట్టు మీద ఆ మూట మీదే కూర్చున్నాం.

అందరం క్షేమమే. గౌరి మాత్రం సరిగ్గా తినక చిక్కిపోయింది. ఛాతీ కొలత నలభై ఒక్క అంగుళాల నుంచి ముప్ఫై తొమ్మిదికి దిగింది, పొడవు అదే, ముప్ఫై ఏడు. ఇప్పుడు నట్టల మందు వేయవచ్చా, వేస్తే ఎంతో, దయచేసి ఈ ఉత్తరం తెచ్చిన మా ఆయనకు రాసివ్వండి. ఫోను నీళ్లపాలైంది.

ఈసారి కొలిచేటప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నది అత్తగారే. "మళ్లీ కొలువమ్మాయ్, తప్పు చూసేవేమో" అని నాచేత మూడుసార్లు కొలిపించారు.

ఇట్లు,
గౌరి తాలూకు మనిషి