పల్చనిది కొనలేదు

హైదరాబాద్, 1998

బాపూ, నేను క్షేమమే గాని ఒకటే దిగులు. చీర డిజైన్లకు మన నేత సంఘం తెమ్మన్న లాప్‌టాప్ కొన్నాను. షాపులో బట్ట చూసే అలవాటు కొద్దీ రెండు వేళ్లతో పట్టి చూస్తే ఒకటి సన్నబట్టలా ఎంత పల్చగా ఉందో! కానీ ధర చాలా ఎక్కువ, పైగా ఫ్లాపీ పెట్టే చోటే లేదు. మగ్గం మీదికి డిజైన్ అట్టలకు చిల్లులు కొట్టేవాళ్లకు బొమ్మను ఫ్లాపీలోనే కదా ఇవ్వాలి. అందుకే లావుది, బరువుది తీసుకున్నాను. దశరథం పెద్దబాపు అందరి ముందు దాన్నీ బట్టలాగే పట్టి చూసి, “గింత మోటుదా? సంఘం పైసలు ఏడ పెట్టినవ్‌రా?” అంటే ఏం చెప్పను?

అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? గోలీలు తెస్తున్నాను, దండాలు చెప్పు. శుక్రవారం సిరిసిల్ల బస్టాండుకు నువ్వే రా. లాప్‌టాప్ సంచి నీ చేతిలో కనబడితే ఎవరూ నోరెత్తరు.

నీ కొడుకు
లక్ష్మీరాజం