తొక్కని కాయలు

12-2-1986

చెల్లీ కనకం,

చి.ల.సౌ. అని అలవాటుగా రాసి, ఆ కాగితం చించేశాను. ఇది రెండోది.

పోయిన ఫాల్గుణంలో ఆ ఉదయం నీకెంత గుర్తుందో తెలియదు. నాకు అంతా గుర్తుంది. నువ్వూ మరిది వెంకయ్యా మిరపకోతలకు సాయం వచ్చి అప్పటికి నాలుగు రోజులు. నేను తులసికి నీళ్ళు పోసి, కళ్లంలో చోటు చాలక మిగిలిన కాయలు తారురోడ్డు మీద సగం దాకా ఆరబోశాను. అంచున రాళ్ళు పెట్టాను. వెంకయ్య సైకిలు మీద కాఫీ చెంబు తెచ్చాడు. "ఏం వదినా, సర్కారు రోడ్డుకు కూడా కుంకం పెట్టేశావే! ఇక పేరంటానికి పిలవటమే తరువాయి" అన్నాడు. నవ్వాను. ఖాళీ చెంబు హాండిలుకు తగిలించుకుని ఇంటిదారి పట్టాడు. అంతే.

ఎదురుగా లారీ వచ్చింది. బుడే నడుపుతున్నాడు. మన బస్తాలు గుంటూరు చేర్చేది అతనే. నీకు తెలియనిది ఇక్కడుంది. అంతకు వారం ముందు అతని చక్రం నా కాయల మీద ఎక్కింది. నలుగురిలో నిలదీశాను. "ఏరా బుడే, లక్ష్మిని తొక్కుతావా? మీ ఇంట్లో అన్నం మీద నడుస్తావా?" అన్నాను. దిగి, ఒక కాయ తీసి కళ్ళకద్దుకున్నాడు. "ఇంకెప్పుడూ తొక్కనమ్మా" అన్నాడు. తొక్కలేదు. ఆ రోజు కాయలు తప్పించి లారీని కుడివైపుకు తిప్పాడు. అక్కడ వెంకయ్య ఉన్నాడు.

"కాయలు తొక్కకూడదనే తిప్పానమ్మా" అంటూ నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. పోలీసులు వచ్చేలోగా తమ్ముడు చెంచురామయ్య కాయలు ఎత్తించి, రాళ్ళు కాలవలో పారేశాడు. ఖాళీ రోడ్డు మీద రాంగు సైడుకు వచ్చి గుద్దాడని రాశారు. చదివి వినిపించారు. సంతకం పెట్టాను.

ఏడాదిగా జపానికి కూర్చుంటే లెక్క తప్పుతోంది. పూసలు వేళ్ళ మీద జరుగుతాయి, మనసు రోడ్డు మీద ఉంటుంది. లేచి తలుపు తీస్తాను. ఎవరూ ఉండరు. మళ్ళీ వేస్తాను. మొన్న కోర్టు సమను వచ్చింది. సోమవారం నా సాక్ష్యం. నా మాట మీదే బుడేకి జైలు పడుతుందట.

ఈ సాయంత్రం దీపం పెట్టి, ఉన్నదున్నట్టు చెబుతానని తమ్ముడితోనూ మరదలు సుబ్బరావమ్మతోనూ అన్నాను. తమ్ముడు దిగ్గున లేచాడు.

"నీకేమన్నా మతి పోయిందా అక్కా? చెల్లెలి మొగుణ్ణి అక్కే చంపిందంటారు ఊళ్ళో!"

"అననీరా. ఏడాదిగా నేననుకుంటున్నదీ అదేగా."

"కనకం మొహం ఎట్టా చూస్తావు?"

సుబ్బరావమ్మ అందుకుంది. "ఆయన రాళ్ళు పారేశాడు, మీరు సంతకం పెట్టారు. కనకానికి చెప్పకుండా ముందు కోర్టుకు చెప్పటం ఏం న్యాయం వదినా?"

తమ్ముడు మళ్ళీ కూర్చున్నాడు. "రాళ్ళు తీసింది నేనేనని నేనూ చెబుతా" అన్నాడు.

మేమనుకున్నది ఇదీ. సోమవారం ఇద్దరం కోర్టుకు వెళతాం. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యం. రేపు మొదటి బస్సుకు తమ్ముడే వినుకొండ తెస్తాడు. నువ్వు చదివేదాకా గుమ్మం బయటే నిలబడతాడు. లోపలికి పిలుస్తావో, తలుపే వేస్తావో నీ ఇష్టం. ఏది చేసినా సోమవారం మాత్రం మారదు.

నీ అక్క,
కోటేశ్వరమ్మ